రాళ్ళ రాత, రాళ్ళ ఊరు

ఫ్రెంచి రచయిత రొజే కయ్వా పుస్తకం ‘ది రైటింగ్ ఆఫ్ స్టోన్స్’కి తెలుగులో పేరు పెట్టాల్సి వస్తే ‘రాళ్ళ రాత’ అంటే సరిపోతుంది. మన భాషలో రాతకి రెండర్థాలున్నాయి: రాసింది, రాసిపెట్టి ఉన్నది. కయ్వా పుస్తకమంతా మొదటి అర్థం గురించే. రాతి లోపల ఎవరూ రాయని అక్షరాలు, ఎవరూ గీయని బొమ్మలు ఎలా ఉంటాయో, వాటి ముందు మనిషి ఎందుకు ఆగిపోతాడో చెబుతాడు. రెండో అర్థం, అంటే ఆ రాయి ఏ నేలలోంచి, ఎవరి చేతుల మీదుగా, ఎవరి బల్ల మీదికి చేరిందన్న సంగతి, అతను పట్టించుకోలేదు. ఈ పుస్తకాన్ని నాలుగేళ్ళలో మూడుసార్లు చదివాను. మొదటిసారి మైమరచి, రెండోసారి అసూయతో, మూడోసారి కొంచెం కోపంతో. ఆ కోపం న్యాయమైనదేనా అని నాకు నేనే తేల్చుకోవడానికి ఈ వ్యాసం.

ముందు నా సంగతి చెప్పాలి. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. చదివింది ఇంజనీరింగ్. భూగర్భశాస్త్రం చదువుకోలేదు, సాహిత్యమూ చదువుకోలేదు. పుణెలో ప్రాజెక్టు మీద ఉన్నప్పుడు ఒక ఆదివారం స్నేహితుడు లాక్కెళ్తే ఖనిజాలమ్మే దుకాణానికి వెళ్ళాను. అక్కడ తెల్లటి స్టిల్‌బైట్ మీద గోళీకాయంత నీలం గుత్తి ఒకటి కూర్చుని ఉంది. వంగి చూస్తే సన్నటి స్ఫటికాలు మధ్యలోంచి అన్ని వైపులకీ విచ్చుకుని ఉన్నాయి. కావన్‌సైట్ అన్నాడు దుకాణం ఆయన. కాల్షియం, వనేడియం, సిలికేట్, ఈ మూడు మాటల ముక్కలు అతికించి చేసిన పేరు. మేం కోడ్‌లో వేరియబుల్స్‌కి పేర్లు పెట్టుకునే పద్ధతే. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో దొరికిన నమూనాలను చూసి 1973లో దీన్ని కొత్త ఖనిజంగా వర్ణించారు. కానీ సేకరించేవాళ్ళని అడిగితే మంచి కావన్‌సైట్ అంటే పుణె పక్కనున్న వాఘోలీ క్వారీలదే అంటారు. ఆ రోజు ఏడువేలు పెట్టి కొన్నాను. అప్పటి నా ఇంటి అద్దెలో సగం.

ఆ తర్వాత తెలిసొచ్చింది, ఈ పిచ్చికి కూడా ఒక పద్ధతీ, ఒక నీతీ ఉన్నాయని. స్పెసిమెన్లకి సైజుల పేర్లున్నాయి: అంగుళం లోపుదైతే థంబ్‌నెయిల్, రెండంగుళాల దాకా మీనియేచర్, అరచేతిలో పట్టేది ఆపైన క్యాబినెట్. స్ఫటికం కొన విరిగితే ధర పడిపోతుంది. విరిగినదాన్ని అతికిస్తే ఆ మాట చెప్పి అమ్మాలి. రాతి మీద కూర్చుని ఉన్న స్ఫటికం, విడిగా ఊడి వచ్చిన స్ఫటికం కన్నా మేలు. అమెథిస్ట్‌ని కాల్చి పసుపు రంగు తెప్పించి సిట్రిన్ పేరుతో అమ్మితే తెలిసినవాళ్ళు నవ్వుతారు. వీటన్నిటికన్నా ముఖ్యం లేబుల్. ఖనిజం పేరు, గని పేరు, ఊరు, దేశం రాసిన చిన్న కాగితం ముక్క. అది పోయిందా, రాయి అనాథ అయిపోయినట్టే. నమీబియాలోని త్సుమెబ్ గని 1996లో మూతపడింది. అక్కడి రాగి ఖనిజాల స్ఫటికాలు ఇప్పుడు చేతులు మారడమే గానీ కొత్తగా పుట్టవు. త్సుమెబ్ అని రాసున్న పాత లేబుల్ ఉన్న రాయీ, అదే రాయి లేబుల్ లేకుండా ఉన్నదీ ఒకటి కాదు. అందుకే సీరియస్‌గా సేకరించేవాళ్ళు రాయితో పాటు అంతకుముందు ఎవరెవరి దగ్గరుందో ఆ లేబుళ్ళన్నీ దాస్తారు. పాత ఇంటికి దస్తావేజులు దాచినట్టు.

ఇలా రాళ్ళ మీద దొరికిందల్లా చదువుతూ కయ్వా దగ్గరికొచ్చాను. 1913లో పుట్టి 1978లో పోయిన ఈ ఫ్రెంచివాడు ఒక చోట ఇమిడే మనిషి కాదు. కుర్రతనంలో సర్రియలిస్టు. తర్వాత సమాజశాస్త్రం, ఆటల మీద పేరున్న పుస్తకం, యునెస్కోలో ఉద్యోగం. యుద్ధకాలమంతా అర్జెంటీనాలో ఉండి, తిరిగొచ్చాక బోర్హెస్‌ని ఫ్రెంచి పాఠకులకు పరిచయం చేసినవాళ్ళలో ముఖ్యుడు. నడివయసు దాటాక రాళ్ళు పట్టుకున్నాడు. 1966లో ‘పియెర్’, అంటే ‘రాళ్ళు’, రాశాడు. 1970లో ఈ పుస్తకం వచ్చింది. 1985లో బార్బరా బ్రే ఇంగ్లీషు చేసింది, మార్గెరీత్ యూర్సెనార్ ముందుమాటతో. కయ్వా పోయాక ఫ్రెంచి అకాడమీలో అతని కుర్చీలోకి వచ్చింది ఈ యూర్సెనారే. ఆ అకాడమీలో అడుగుపెట్టిన మొదటి మహిళ ఆవిడ. కయ్వా రాళ్ళు ఇప్పుడు పారిస్‌లో ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉన్నాయి.

పుస్తకంలో ఉన్నవి చాలావరకు నాలాంటివాళ్ళు వెతికే స్ఫటికాలు కావు. కోసి మెరుగుపెట్టిన పలకలు: అకీకులు, జాస్పర్లు, ఇటలీలో ఫ్లారెన్స్ ప్రాంతంలో దొరికే సున్నపురాయి. ఆ సున్నపురాయికి పగుళ్ళు వచ్చి, వాటిలో కాల్సైట్ నిండి, మిగతా భాగంలోకి ఇనుమూ మాంగనీసూ కలిసిన నీళ్ళు ఇంకుతాయి. ఏ పగులు దగ్గర నీరు ఆగితే అక్కడ రంగు ఆగుతుంది. కోసి చూస్తే కూలిపోయిన నగరం కనిపిస్తుంది: బురుజులు, గోడలు, పైన మబ్బు పట్టిన ఆకాశం. పదిహేడో శతాబ్దంలో ఐరోపా చిత్రకారులు ఇలాంటి రాళ్ళ మీద మనుషుల బొమ్మలు వేసి, రాతినే నేపథ్యంగా వాడుకున్నారు. ఆగ్స్‌బర్గ్ వ్యాపారి హైన్‌హోఫర్ తయారు చేయించిన అలంకారాల బీరువా ఒకటి 1632లో స్వీడన్ రాజుకి కానుకగా వెళ్ళింది. ఇప్పటికీ ఉప్సాలాలో ఉంది. చైనాలో అయితే బొమ్మ వేయడం కూడా లేదు. పాలరాతి పలకని ఎంచుకుని, దానికి పేరు పెట్టి, సంతకం చేస్తే చాలు, అది కళాఖండం. అంతకన్నా వెనక్కి వెళ్తే, అపాలోనీ తొమ్మిదిమంది కళాదేవతలనీ తనలో చూపే అకీకు పిర్రస్ రాజు దగ్గర ఉండేదని ప్లినీ రాసిన కథ.

ఇవన్నీ కయ్వా వింతల జాబితాలాగా చెప్పుకుపోడు. అతని వాదన పెద్దది. ప్రకృతిలో అందం ముందునుంచీ ఉంది, మనిషి కళ దానికి చివర్లో వచ్చి చేరిన ఒక చిన్న శాఖ మాత్రమే అంటాడు. సీతాకోకచిలుక రెక్కా, అకీకు పొరలూ, చిత్రకారుడి కాన్వాసూ ఒకే కుటుంబం. రాతిలో నగరం కనిపించడం మన కంటి పొరపాటని తోసెయ్యడు. ఆకారాలు పుట్టించే పద్ధతులు ప్రపంచంలో కొన్నే ఉన్నాయి, అవే రాతిలోనూ మన బుర్రలోనూ పనిచేస్తున్నాయి, అందుకే గుర్తుపడుతున్నాం అంటాడు. రుజువు చెయ్యలేడు. చెయ్యలేనని తెలిసీ చెబుతాడు. ఒక చిన్న రూలుని పదేపదే నడిపిస్తే తెర మీద ఆకులూ తీరరేఖలూ పుట్టుకు రావడం చూసిన ప్రోగ్రామర్లకి ఈ వాదన పిచ్చిగా అనిపించదు. ఇక అతని వచనం. ఒక్కో పలక ముందు నిలబడి ఏం కనిపిస్తోందో చెబుతాడు, ఎక్కడా కవిత్వం చెబుతున్నానన్న ఆయాసం లేదు. నా అసూయ అక్కడే. నా కావన్‌సైట్ గురించి రాయబోతే నాకు ‘నీలం’ దాటి మాట పెగల్లేదు.

అతని జీవితంలోంచి ఒక కథ చెప్పకుండా ముందుకు పోలేను. 1934లో ఆంద్రె బ్రెతాన్ దగ్గరికి మెక్సికో నుంచి ఎగిరే గింజలు వచ్చాయి. వాటంతటవే బల్ల మీద గెంతుతున్నాయి. లోపల పురుగేదో ఉండుంటుంది, కోసి చూద్దాం అన్నాడు కయ్వా. వద్దన్నాడు బ్రెతాన్. ఆశ్చర్యం చచ్చిపోతుందని. తెలిస్తే పోయే ఆశ్చర్యం ఏం ఆశ్చర్యం అనుకున్నాడు ఇరవయ్యొక్కేళ్ళ కయ్వా. ఆ ఏడాది చివర్లో బ్రెతాన్‌కి ఉత్తరం రాసి సర్రియలిస్టుల నుంచి విడిపోయాడు. తమాషా ఏమిటంటే తర్వాత ఇద్దరూ రాళ్ళ దగ్గరికే చేరారు. బ్రెతాన్ 1957లో రాళ్ళ భాష మీద ఒక వ్యాసం రాశాడు. ఈ గొడవలో నేను పూర్తిగా కయ్వా పక్షం. గింజని కోయాలి. లోపల నిజంగానే చిమ్మెట పురుగుంటుంది, అయినా గింజ గెంతడం తక్కువ వింతేమీ కాదు.

నా కోపానికి కారణం మా అవ్వ. మా నాయన తల్లి. గూడూరు మనిషి, ఇప్పుడు మాతో హైదరాబాదులో ఉంటోంది. మూడోసారి ఈ పుస్తకం చదువుతున్నప్పుడు పక్కన కూర్చుని బొమ్మలు చూసింది.

“ఏందబ్బయా, రాళ్ళ పుస్తకమా?”

“అవునవ్వా. ఈ రాయి చూడు, లోపల కోటలాగా లేదూ?”

కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. “బొమ్మ బానే ఉండాది. ఎవురు కోసినారు దీన్ని?”

“ఎవురో. మిషన్ మీద కోస్తారు.”

“మిషన్‌కి ఏం తెలస్తాది, యాడ కొయ్యాలో?”

నా దగ్గర జవాబు లేదు. పుస్తకంలోనూ దొరకలేదు. అకీకు పైనుంచి చూస్తే మట్టి పట్టిన ఉర్లగడ్డలా ఉంటుంది. ఏ వైపు నుంచి ఎంత లోతున రంపం పెట్టాలో ఒకరు నిర్ణయిస్తేనే లోపలి పొరలు బొమ్మ అవుతాయి. అర అంగుళం పక్కకి జరిగితే కయ్వా చూసిన కోట ఉండదు, ఇంకేదో ఉంటుంది, లేదా ఏమీ ఉండదు. పుస్తకంలో కోత, మెరుగు అన్న మాటలు వస్తాయి. కోసినవాడు రాడు. ప్రాంతం పేరు దాకా వస్తుంది, తవ్వినవాడు రాడు. ఎంచుకున్న చైనా పండితుడి సంతకం గురించి చెబుతాడు, ఆ పలకని కొండలోంచి ఊడదీసినవాడికి సంతకం లేదన్న సంగతి అతనికి తట్టదు. గింజని కోయాలన్నవాడు ఈ గింజని కోయలేదు. మనిషి పుట్టకముందరి రాయి గురించి రాస్తున్నానంటూ, మనిషి చేతులు పడితే తప్ప కంటికి కనపడని రాళ్ళ గురించే రాశాడు.

అవ్వకి ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో నాకు తెలుసు. పెళ్ళైన కొత్తల్లో గూడూరులో మైకా షెడ్డులో పనిచేసింది. నెల్లూరు జిల్లా ఆకుపచ్చ మైకాకి ఒకప్పుడు మంచి పేరు. పెగ్మటైట్ అనే రాతిలో, ద్రవం నెమ్మదిగా గడ్డకట్టిన చోట, మైకా పెద్ద పెద్ద స్ఫటికాలుగా పెరుగుతుంది. పొరకీ పొరకీ మధ్య పట్టు తక్కువ కాబట్టి రేకులుగా చీలుతుంది. ఆ దిమ్మని ఇంగ్లీషులో ‘బుక్’ అనే అంటారు. రాళ్ళ రాత గురించి ఇంత రాసిన కయ్వాకి ఈ మాట ఒక్కటి చాలు, పది పేజీలు రాసేవాడు. అవ్వ చేసింది ఆ పుస్తకం పేజీలు విప్పడం. కత్తి మొన అంచులో పెట్టి, రేకు చిరగకుండా చీల్చి, వెలుతురుకి పట్టి చూసి, మచ్చ ఉన్నది ఒక పక్కకి, లేనిది ఒక పక్కకి. రేడియోల్లో, ఇస్త్రీపెట్టెల్లో, కెపాసిటర్లలో ఆ రేకులు ఉండేవి. ఏ రేకు ఎక్కడ చీలుతుందో చూడగానే తెలిసేదట. ఇప్పటికీ కుంకుడుకాయ కొట్టినా అలాగే ముందు ఒకసారి తిప్పి చూస్తుంది.

ఇక్కడ కయ్వా తరఫున మాట్లాడేవాళ్ళు ఒకటి అడగొచ్చు. ఆకాశం గురించి కవిత రాస్తే టెలిస్కోపు అద్దం రుద్దినవాడి పేరు రాయాలా? పుస్తకం ఏ ప్రశ్న వేసుకుందో దానికి జవాబు చెప్పిందా లేదా చూడాలి గానీ, నీ ప్రశ్నకి చెప్పలేదని అలగడం ఏం విమర్శ? న్యాయమైన మాటే. రాతిలోని బొమ్మ రంపం పుట్టించింది కాదు, రంపం తలుపు తీసింది అంతే. ఆ మేరకు కయ్వా వాదనకి అవ్వ ప్రశ్నతో దెబ్బ తగలదు. కానీ అతను రాళ్ళ అందం దగ్గర ఆగిపోలేదు. కళ అంటే ఏమిటో తేల్చడానికి ఆ రాళ్ళని సాక్ష్యంగా తెచ్చాడు. మనిషి కేవలం ఎంచుకుంటే చాలు, సంతకం పెడితే చాలు, కళ అయిపోతుందన్నంత దూరం వెళ్ళాడు. అక్కడ మాత్రం లెక్క తప్పింది. ఎంపిక సంతకం పెట్టినవాడి దగ్గర మొదలు కాలేదు. గనిలో పారేయకుండా పక్కన పెట్టినవాడు మొదట ఎంచుకున్నాడు. రంపం పట్టినవాడు రెండోసారి ఎంచుకున్నాడు. పండితుడిది మూడో ఎంపిక, సేకరించినవాడిది నాలుగోది. కయ్వా చివరి ఇద్దరినే కళలో చేర్చాడు.

మరి లేబుల్ రాసుకునే మా బాపతు వాళ్ళం మెరుగా? కొంత. అమెరికాలో కొలరాడోలోని స్వీట్ హోమ్ గనిలో 1992లో ‘ఆల్మా కింగ్’ అనే ఎర్రటి రోడోక్రోసైట్ స్ఫటికం దొరికింది, ఇప్పుడు డెన్వర్ మ్యూజియంలో ఉంది. అది ఏ సంవత్సరం, ఏ గనిలో, ఎవరి తవ్వకంలో బయటపడిందో చదువుకోవచ్చు. అక్కడ స్పెసిమెన్ల కోసమే గని తవ్వారు కాబట్టి ఆ తవ్వకానికి చరిత్ర మిగిలింది. మన దక్కన్ రాళ్ళకి అలా జరగలేదు. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట లావా పొరలు పొరలుగా పారి చల్లబడినప్పుడు గాలి బుడగలు లోపలే ఉండిపోయాయి. ఆ గుల్లల్లోకి వేడి నీళ్ళు చేరి, తెచ్చిన ఖనిజాలని వదిలితే స్టిల్‌బైట్లు, అపోఫిలైట్లు పెరిగాయి. కానీ క్వారీలో రాయి కొట్టేది కంకర కోసం. పేల్చాక గుల్ల బయటపడితే కూలీలు జాగ్రత్తగా ఊడదీసి చిన్న వ్యాపారికి ఇస్తారు, అతను పెద్ద వ్యాపారికి, పెద్ద వ్యాపారి అమెరికాలో టూసాన్‌లో ఏటా జరిగే ప్రదర్శనకి. లేబుల్ మీద ‘జల్గావ్’ అని పడుతుంది. జల్గావ్ అని రాసినవన్నీ జల్గావ్‌వి కావని ఈ రంగంలో అందరికీ తెలుసు. చుట్టుపక్కల క్వారీలన్నిటికీ అదొక ఉమ్మడి చిరునామా. వ్యాపారి తన సరుకు ఎక్కడిదో పోటీవాడికి చెప్పడు కదా.

ఇంకో సంగతి నాకు ఈ మధ్యే తెలిసింది. మహారాష్ట్ర క్వారీల్లో తరతరాలుగా రాయి కొడుతున్నవాళ్ళలో వడార్లు ఉన్నారు. మన వడ్డెరలతో సంబంధం ఉన్న కులం. ఇళ్ళలో మాట్లాడుకునే వడారి భాష తెలుగుకి దగ్గరిది. నా కావన్‌సైట్‌ని ఊడదీసింది వాళ్ళలో ఒకరో కాదో నాకు తెలిసే దారి లేదు. అయితే పుణె దుకాణంలో నేను ఇంగ్లీషులో బేరమాడి కొన్న ఆ నీలం గుత్తిని మొదట చూసిన మనిషి, చూసి నాకు అర్థమయ్యే మాటే ఏదో అని ఉండవచ్చు. దుకాణం ఆయన్ని నేను ఆ రోజు చాలా ప్రశ్నలు అడిగాను. ఏ క్వారీ, అతికించిందా, కడగడానికి ఏం వాడారు, ఇంతకన్నా తగ్గుతుందా. ఎవరు తీశారని అడగలేదు. లేబుల్లో ఆ గడి లేదు, అంచేత నాకా ప్రశ్నా లేదు. కయ్వా మీద వచ్చిన కోపంలో సగం ఇక్కడిదే అనుకుంటాను.

ఈ పుస్తకం చదవమనే చెబుతాను. రాతిని ఇంత ఓపిగ్గా చూసిన రచయిత నాకు ఇంకొకరు తెలీదు. చూడటం అనే పనిని ఇంత పొడుగ్గా సాగదీయడం కూడా ఒక పనితనమే. ఒక్క పలక ముందు అరగంట నిలబడగలిగితే, తర్వాత ‘ఎవురు కోసినారు’ అన్న ప్రశ్న మన నోటికే వస్తుంది. నాకు రాలేదు, అవ్వకి వచ్చింది, అది వేరే విషయం.

అవ్వ పెట్టెలో ఒక మైకా దిమ్మ ఉంది. అరచేయంత, అంచులు ఊడిపోయి, వెలుతురుకి పడితే లేత ఆకుపచ్చ. పని మానేసిన రోజున తెచ్చుకుందట. ధరకి పనికొచ్చే స్పెసిమెన్ కాదు. మొన్న దానికీ ఒక లేబుల్ రాద్దామని కూర్చున్నాను. ఖనిజం: మస్కొవైట్. ఊరు: గూడూరు దగ్గర. గని పేరు అడిగితే చెప్పింది. ఏ సంవత్సరం అవ్వా అంటే కాసేపు ఆలోచించి, “సమచ్చరం గుర్తు లేదు. మీ నాయన కడుపులో ఉండాడు” అంది. అదే రాశాను. కింద ఇంకో గడి గీసి ‘తీసినవారు’ అని రాసి అడిగాను. గనిలోంచి తీసింది తను కాదు, ఎవరో తెలీదు, చీల్చింది మాత్రం తను అంది. ఆ గడి ఖాళీగా ఉంచి, దాని కింద ‘చీల్చినవారు’ అని రాసి, అవ్వ పేరు రాశాను.